లీకేజీ దొరకని ఇల్లు

నీళ్ల ఆఫీసు సారుకు,
పసుపు మార్కెట్ వెనక గల్లీలో ఉండే శాంతవ్వ దండాలు. మీరు పెట్టిన కొత్త మీటరు తనంతట తానే లెక్క పంపుతుందట, ఇక ఇంటికి ఎవరూ రానక్కర లేదట. బాగుంది. కానీ మా ఇంట్లో ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. ఇదివరకు మీటరు చూసే హన్మాండ్లు పైపుకు ఇనుప కడ్డీ ఆనించి, చెవి పెట్టి విని చెప్పేవాడు. జర ఆయన్నే పంపండి.
ఇట్లు,
శాంతవ్వ
తా.క.: ఏడు గంటలకు చాయ్ అవుతుంది. ఆయనకు తెలుసు.

శాంతవ్వ గారికి,
నీళ్లు వృథా కాకుండా చూడడమే మా పని కాబట్టి ప్రవీణ్ అనే ఉద్యోగిని మిషన్‌తో పంపాం. లీకేజీ లేదని తేల్చాడు. హన్మాండ్లు మోకాళ్లు అరిగి గల్లీలు తిరగడం లేదు.
ఇట్లు,
నీళ్ల ఆఫీసు
తా.క.: తనకు చాయ్ ఇవ్వలేదని ప్రవీణ్ చెప్పాడు.

సారుకు,
ఆయన మోకాళ్ల సంగతి నాకెవరూ చెప్పలేదు. ఏ దవాఖానలో చూపించుకున్నాడు? పన్నెండేళ్లు నెలనెలా వచ్చాడు. మా ఇంటాయన చనిపోయిన నెల హన్మాండ్లు మీటరు చూడనేలేదు, గడప దగ్గర కూర్చొని, "ఫికర్ చెయ్యకు శాంతవ్వా, నేనొస్తుంట" అని పోయిండు. లీకేజీ ఉంది. మీ మిషన్‌కు వినిపించదు.
ఇట్లు,
శాంతవ్వ
తా.క.: ఆయన మాటకారి కాదు. నిరుడు మొత్తం మీద "చక్కెర తక్కువైంది" అన్నాడు, అంతే. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు కూడా లేరు.

శాంతవ్వ గారికి,
మీరు పట్టుబట్టినందుకు గల్లీ మొదట్లో తవ్వించాం. మీ పక్కింటి నర్సింలు పాత చెప్పు దొరికింది. పొద్దున ఆరుకు మూడు బిందెలు, సాయంత్రం రెండు, ఇదీ మీ వాడకం. ఒక్క చుక్క కూడా ఎక్కువ పోవడం లేదు.
ఇట్లు,
నీళ్ల ఆఫీసు
తా.క.: ఆదివారం ఏడు దాకా మీ నల్లా తిప్పలేదు. ఒంట్లో బాగుందా?

సారుకు,
నేనెప్పుడు లేస్తే ఆఫీసుకెందుకు? సరే, లీకేజీ లేదు. అబద్ధమాడాను. హన్మాండ్లును చూడాలని ఉంది. ఈ వయసులో ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. మీ మీటరు వచ్చి, మా ఇంటికి ఉన్న ఒక్క రాకపోకా ఆపేసింది. ఇక దాని నీళ్లు ముట్టను, నర్సింలు బోరు నీళ్లు తెచ్చుకుంటాను.
ఇట్లు,
శాంతవ్వ
తా.క.: చెప్పు రెండోది కూడా దొరికితే పంపమన్నాడు నర్సింలు.

శాంతవ్వా,
మూడు రోజులుగా నీ మీటరు సున్నా చూపిస్తోంది. బోరు నీళ్లని నువ్వు రాసింది చదివాను, అయినా మనసు ఆగలేదు. నీకు జవాబులు రాసింది నేనే. మోకాళ్లు పోయాక నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. నాకూ ఇంట్లో పలకరించేవాళ్లు లేరు. రోజూ ఆరింటికి నీ మీటరు తిరిగితే, లేచావని తెలిసి నా పొద్దు మొదలయ్యేది. ఆఫీసు పేరుతో ఎంతైనా రాయగలిగాను కానీ నా పేరు రాయడానికి ధైర్యం చాల్లేదు.
ఇట్లు,
హన్మాండ్లు
తా.క.: ఆటోలో వచ్చాను. మేము తవ్విన గుంత దగ్గరే ఆగిపోయాను, దాటలేను. ఈ కాగితం నర్సింలుతో పంపుతున్నాను. వచ్చి చెయ్యి పట్టుకో. చక్కెర ఎంత వేసినా సరే.