కూరగాయల వారం

శుక్రవారం రాత్రి

వచ్చే వారం మా అంగన్‌వాడీలో కూరగాయల పాఠాలు. సోమవారం టమాటా, మంగళవారం వంకాయ, బుధవారం పిల్లల చేత చిక్కుడుకాయలు ఒలిపించడం. చార్టు ఇష్టంగానే రాసుకున్నాను. కానీ సెంటర్లో మిగిలింది ఐదుగురు పిల్లలే. ఇంకా తగ్గితే పక్క ఊరి సెంటర్లో కలిపేస్తారని సూపర్‌వైజర్ మేడం ఫోన్లో చెప్పింది.

అందుకే సాయంత్రం రెడ్డెమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె కొడుకు చరణ్‌కి మూడేళ్లు నిండాయి. నిమ్మనపల్లె దారిలో టమాటాలు కోయడానికి పోయి అప్పుడే వచ్చింది. చార్టు చూపించి, సోమవారం నుంచి పిల్లవాణ్ణి పంపమని అడిగాను. ఆమె ఓపికగా అంతా చూసింది.

"బాగుండాది టీచరమ్మా. మీ పాప యాల ఆడికి రాదు? దినామూ మదనపల్లె ఇంగ్లీషు ఇస్కూలు వ్యాను ఎక్కుతాండాది కదా" అంది.

అందులో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. ఇంగ్లీషు కోసమని చెబితే చరణ్ కూడా ఆ వ్యానే ఎక్కుతాడు. "మా ఆయన ఒప్పుకోడు రెడ్డెమ్మా" అని చార్టు చుట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆయన్ను అడిగాను, పాపను నా సెంటర్‌కే తీసుకుపోనా అని.

"నీ ఉద్యోగం కోసం బిడ్డ సదువు పాడు సేస్తావా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు, ఊపిరి తిరిగినట్లయింది. రెడ్డెమ్మకు చెప్పిన మాటను నిజం చేసుకోవడానికే అడిగానేమో. ఆయన సరేనని ఉంటే ఏం చేసేదాన్నో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.