పదికి ఎంత?

అమ్మకి,

నమస్కారాలతో నీ పెద్ద కూతురు రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, నీ మనవరాలు బుడంకాయా బాగున్నాం. నువ్వూ, నీ కొట్లో కుట్టుమిషన్ల మీద కూర్చునే అక్కలిద్దరూ బాగున్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి అని రాసేసి మామూలుగా కబుర్లలోకి దిగేదాన్ని. ఈసారి మాత్రం ఆసుపత్రి వాళ్ళు నా కుశలం ఎంతో గంటగంటకీ అంకెల్లో రాసి ఇమ్మన్నారు. ఆ కథ చెప్పడానికే ఇంత మందం ఉత్తరం.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. నువ్వు ఫోన్ ఎత్తేది కొట్లో, అదీ స్పీకర్ పెట్టి, చేతిలో కత్తెరతో. నా ఒంటి సంగతులు కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళందరూ వినాలా? పైగా ఫోన్లో నేను రెండో మాట అనేలోపు నువ్వు "సరేలే, జాగ్రత్త" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. నొప్పి తగ్గించడానికి వెన్నులోకి పంపే కరెంటు షాకు కొడుతుందా అన్నావు. కొట్టదు. అది గోడలో కరెంటు కాదు, గడియారంలో వేసే బ్యాటరీ పాటిది. వెన్ను చివర సూదితో దారి చేసి రెండు తీగలు లోపలికి పంపారు. నువ్వు కోటు గుండీలకి వాడే దారం కన్నా కాస్త లావు, అంతే. వాటి కొసలు బయట ఒక చిన్న డబ్బాకి తగిలించి నడుముకి ప్లాస్టరు వేశారు. ఆ డబ్బాని నడిపించడానికి టీవీ రిమోట్ లాంటిది ఒకటిచ్చారు. నువ్వు సూదులు ఏరుకునే అయస్కాంతం సంగతి కూడా అడిగాను. డబ్బాకి ఆనించి పెట్టుకోకపోతే చాలునట, కాబట్టి నీ కొట్లోకి నన్ను రానివ్వచ్చు. బ్యాటరీ అయిపోతే అమ్మ ఆగిపోతుందా అని బుడంకాయ అడిగింది. నువ్వు అడగలేదు గానీ నీకూ ఆ అనుమానం వచ్చే ఉంటుంది. ఆగను.

అసలు విషయం ఏమిటంటే, ముందుగా పెట్టింది ఏడు రోజుల పరీక్ష. నొప్పి సగానికి సగం తగ్గితే డబ్బాని చర్మం కింద శాశ్వతంగా పెడతారు. తగ్గకపోతే తీగలు లాగేసి ఇంటికి పొమ్మంటారు. మాత్రలైపోయాయి, ఇంజెక్షన్లైపోయాయి, ఇది తప్పితే వేరే దారి లేదని ముందే చెప్పారు. కొట్లవాళ్ళ తూకపు రాళ్ళు సరిచూసే మా ఆఫీసులో అందరూ కూర్చుని చేసే పని నేను తొమ్మిదేళ్ళుగా బల్ల కాళ్ళకింద చెక్కలు పెట్టించుకుని నిలబడి చేస్తున్నాను. ఇంకో తొమ్మిదేళ్ళు అలాగే నిలబడాలా, కుర్చీలో కూర్చుంటానా అన్నది ఆ ఏడు రోజుల్లోనే తేలాల్సి ఉంది.

తీగలు పెట్టిన రోజు నన్ను బోర్లా పడుకోబెట్టారు. పూర్తిగా మత్తివ్వరు, ఎందుకంటే నేను జవాబులు చెప్పాలి. నొప్పులకి వైద్యం చేసే డాక్టరమ్మ తీగని వెంట్రుకవాసి జరుపుతుంది, పక్కన ల్యాప్‌టాప్ పట్టుకున్న ప్రోగ్రామర్ అమ్మాయి కరెంటు వదిలి, "ఇప్పుడు ఎక్కడ తెలుస్తోందండీ?" అంటుంది.

"కుడికాలి బొటనవేలు," అన్నాను. నాకు నవ్వాగలేదు. వెన్నులో పెట్టిన తీగకి బొటనవేలు ఎందుకు పలకాలి?

"నవ్వకండి, తీగ కదులుతుంది," అంది డాక్టరమ్మ. "ఇక్కడి నరాలన్నీ పక్కపక్కనే ఉంటాయి. మనకి కావలసిన నరం పక్కింట్లో ఉంది. ఇప్పుడు చూడండి."

"ఆ... అక్కడ."

"అక్కడంటే?"

"అక్కడేనండీ."

"లోపలా, బయటా? ముందుకా, వెనక్కా?"

ఆ గదిలో నలుగురున్నారు, వాళ్ళలో ఒకాయన ఎక్స్‌రే చూసే మగమనిషి. మొహం పక్కకి తిప్పుకున్నాను. డాక్టరమ్మ నా మొహం దగ్గరికి వంగి, ఒంటి బొమ్మ ఉన్న కాగితం పట్టుకుని, "నోటితో ఇబ్బందైతే వేలు పెట్టి చూపించండి," అంది. చూపించాను. ఎక్కడ చూపించానో కిందికొచ్చాక రాస్తాను, కంగారుపడకు.

అసలు గొడవ అంకెతో వచ్చింది. నొప్పి పదికి ఎంతో గంటగంటకీ కాగితం మీద రాయాలి.

"పది అంటే ఎంతండీ?" అని అడిగాను.

"మీరు భరించలేనంత."

"భరించలేనంతదాన్ని భరించే ఇక్కడిదాకా వచ్చానుగా? అయితే అది పదకొండా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నా ఉద్యోగం ఏమిటో అప్పుడు అడిగింది. మా దగ్గర అసలు కిలోరాయి గాజుమూత కింద ఉంటుంది. దాన్ని చేత్తో ముట్టుకోం, వేలి జిడ్డు అంటినా బరువు మారుతుందని పట్టకారుతో తీస్తాం. ఊళ్ళో ఏ రాయి మీద అనుమానమొచ్చినా దానితోనే సరిచూస్తాం. పదికి అలాంటి అసలు రాయి ఎక్కడా లేదట. ఎవరి పది వాళ్ళదే. ఆలోచించిన కొద్దీ నాకిది భలే వింతగా అనిపిస్తోంది.

రెండు రోజులు చిమచిమలాడుతూ గడిచాయి, నొప్పి బాగానే తగ్గింది. మూడోరోజు ప్రోగ్రామర్ అమ్మాయి వేరే రకం కరెంటు పెట్టింది. దీనికి చిమచిమ కూడా ఉండదు. పనిచేస్తోందో లేదో ఏమీ తెలియదు, నొప్పి మాత్రం తగ్గాలి. ఏమీ తెలియనిదాన్ని నేనెలా నమ్మను? కొత్త త్రాసుని పరీక్షించేటప్పుడు రాయి బరువెంతో చూసేవాడికి ముందు చెప్పం. నాలుగోరోజు నుంచి అదే పద్ధతి ఇక్కడా పెట్టాను. రిమోట్ నీ అల్లుడి చేతికిచ్చి, "రోజుకి మూడుసార్లు మీ ఇష్టం వచ్చినట్టు ఆపండి, లేదా నడవనివ్వండి. ఏం చేశారో మీ కాగితం మీద రాసుకోండి, నాకు చెప్పకండి. నేను నా అంకె నేను రాస్తాను," అన్నాను. ఆపినా ప్రమాదమేమీ లేదని ముందే కనుక్కున్నానులే. ఆయన లిఫ్టు మెకానిక్కు, మీటలూ బటన్లూ కొత్తేం కాదు. సరేనన్నారు.

అయిదోరోజు సాయంత్రం కాగితాలు సరిచూద్దామన్నాను. నా దాంట్లో ఎక్కువగా మూళ్ళూ నాలుగులూ ఉన్నాయి. రెండు మధ్యాహ్నాలు మాత్రం ఆరు. పక్కన "ఆపేశారు, ఖాయం" అని రాసుకున్నాను. మీది తీయండి అంటే గుమ్మడికాయల దొంగలాగా భుజాలకి బదులు జేబులు తడుముకున్నారు. చివరికి తీశారు. ఆరుసార్లకి ఆరుసార్లూ "నడుస్తోంది" అని ఉంది.

"ఒక్కసారి కూడా ఆపలేదా?"

"లేదు."

"పరీక్ష అని చెప్పానుగా!"

"ఆపుదామనే చేతిలోకి తీసుకున్నానే. నువ్వేమో కుర్చీలో కూర్చుని పిల్లకి లెక్కలు చెప్తున్నావు. నిన్నలా చూసి ఎన్నేళ్ళయిందో! చెయ్యి రాలేదు."

"పోనీ నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే ఆపి తీరాలంటావు."

కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. మా ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే మెమో ఇచ్చేదాన్ని. ఈయనకి ఏమివ్వను? కాఫీ ఇచ్చాను.

కానీ అమ్మా, ఆ రెండు ఆరులూ నన్ను పట్టుకున్నాయి. డబ్బా నడుస్తూనే ఉంది, ఆపారేమో అనుకున్నందుకే మూడు కాస్తా ఆరైంది. అనుమానం పెనుభూతం అంటారే, అది ఇంత కచ్చితంగా అంకెల్లో కనిపిస్తుందని అనుకోలేదు. అయితే మిగతా మూళ్ళు కూడా నమ్మకం వల్ల వచ్చినవేనా? అలాగైతే నా ఒంట్లో డబ్బా పెట్టించుకోవడం ఎందుకు? ఆ కాగితం చించేసి మంచి అంకెలు మాత్రం ఇస్తే ఎవరికీ తెలియదు. తూకాల్లో మోసం పట్టుకునే మనిషిని, నాకే ఆ బుద్ధి పుట్టిందని రాయడానికి సిగ్గేస్తోంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ నా అంకెలన్నీ ఒకసారి చదివించుకుంది. తర్వాత, "ఆ ఆరులు కొట్టెయ్యకండి. ఈసారి మీరే ఆపండి. నొప్పి ఎంతసేపటికి వస్తుందో రాయండి," అంది.

పదిగంటలకి ఆపాను. ఒక గంట గడిచింది, ఏమీ కాలేదు. రెండు గంటలైంది, ఏమీ కాలేదు. అంతా నా భ్రమేనన్నమాట అనుకున్నాను. నొప్పి రావాలని దేవులాడిన మనిషిని నన్నే చూశాను. పన్నెండుంపావుకి వచ్చింది. మొదట నాలుగు, తర్వాత అయిదు, ఒంటిగంట కాకముందే ఏడు. కుర్చీ తన్నేసి లేచాను. మళ్ళీ డబ్బా నడిపిస్తే మూడుకి దిగడానికి గంటన్నర పట్టింది. ఆపానని నాకు తెలుసు కాబట్టి ఇదీ గట్టి పరీక్ష కాదు. కానీ ఉత్త నమ్మకమే అయితే రెండుంపావు గంటలు ఊరుకుని, అప్పుడు తీరిగ్గా బయల్దేరుతుందా? ఎందుకంతసేపు పట్టిందని అడిగితే, "కొందరికి అలా ఉంటుంది, ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు," అంది డాక్టరమ్మ. తెలియదని చెప్పినందుకు ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఎనిమిది మీద మొదలుపెట్టాం, మొత్తం కలిపి చూస్తే మూడున్నర తేలింది. ఆరులు కూడా కలిపిన లెక్కే. వచ్చేనెల రెండో వారంలో లోపల పెడతారు. పూర్తిగా పోదట, తీగ జరిగితే మళ్ళీ సరిచెయ్యాల్సి రావచ్చట. అయినా ఒప్పుకున్నాను. పరీక్ష తీగలు తీసేసి మూడు రోజులైంది, నొప్పి పాత చోటికి వచ్చేసింది. ఈ ఉత్తరం వంటింటి గట్టు మీద పెట్టుకుని నిలబడే రాస్తున్నాను.

ఇక దాచినది చెప్పాలి. అమ్మా, ఇది నడుము నొప్పి కాదు. తొమ్మిదేళ్ళుగా నీకు నడుమనే చెప్పాను. ఇది కూర్చునే చోట, కాళ్ళ మధ్య, లోపల. బుడంకాయ పుట్టినప్పుడు కానుపు కష్టమై అక్కడి నరం దెబ్బతింది. కూర్చుంటే నిప్పు మీద కూర్చున్నట్టుంటుంది. నీ అల్లుడికి దగ్గరగా వెళ్ళాలన్నా భయమే, ఆయన ఒక్కరోజు కూడా మొహం చిట్లించలేదు. ఆ చోటుకి మనింట్లో పేరు లేదు, అందుకని పైన ఉన్న నడుము పేరు వాడుకున్నాను. నువ్వు పంపిన నూనె సీసాలన్నీ పాపం ఆ నడుముకే రాశాను. దానికెప్పుడూ ఏ నొప్పీ లేదు.

తీగలు తీసినరోజు ఎలా కూర్చోవాలో చెప్పే కాగితాలిచ్చారు. మూడో పేజీలో ఒక దిండు బొమ్మ ఉంది. నొప్పి ఉన్నచోట బరువు పడకుండా మధ్యలో వెనక వరకూ కోసేసిన దిండు. బుడంకాయకి రెండేళ్ళప్పుడు నువ్వు నాకు సరిగ్గా అలాంటి దిండే కుట్టి పంపావు. స్పాంజి చాల్లేదేమో అని నవ్వుకుని అటక మీద పడేశాను. కిందికి దించి బొమ్మ పక్కన పెట్టి టేపుతో కొలిచాను. వేలెడు కూడా తేడా లేదు. నేను నీకు నడుమని చెప్పాను. నడుము నొప్పికి మధ్యలో ఎందుకు కోశావమ్మా?

ఆపరేషను కాగితంలో ఒక గడి ఉంది: తల్లికి గానీ తోబుట్టువులకి గానీ ఇలాంటి నొప్పి ఉందా? ఇది వంశంలో వచ్చే జబ్బేం కాదు, ఊరికే అడుగుతామన్నారు. "లేదు" అని రాసేశాను. ఇప్పుడు ఎంత వెతికినా నువ్వు కుర్చీలో కూర్చున్న జ్ఞాపకం ఒక్కటీ దొరకడం లేదు. బట్ట కత్తిరించేది నిలబడే, అన్నం తినేది నిలబడే. "కత్తెర పట్టేదానికి కుర్చీ ఎందుకే," అనేదానివి. మా అమ్మ క్షణం కూర్చోదని అందరితో గొప్పగా చెప్పుకున్నాను. నన్ను కనడానికి నీకు రెండు పగళ్ళు, రెండు రాత్రులు పట్టిందన్న సంగతి పెద్దమ్మ ఎత్తినప్పుడల్లా నువ్వు మాట మార్చేసేదానివి.

నిన్న బుడంకాయ నా పక్కన నిలబడి, "నేను పుట్టడం వల్లే నీకు నొప్పి వచ్చిందా?" అని అడిగింది. ఎవరి మాటలు విందో తెలియదు. "పుట్టడం నువ్వు చేసిన పని కాదే, నాకు నువ్వు కావాలని నేను చేసిన పని," అన్నాను. నమ్మి ఆడుకోవడానికి పోయింది.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నువ్వంటావు. అడగందే అమ్మయినా పెట్టదని కూడా అంటావు. అందుకని అడుగుతున్నాను. "లేదు" కొట్టేసి ఆ గడి ఖాళీగా ఉంచాను. నీకూ ఉందా? ఎన్నేళ్ళుగా ఉంది? నా దగ్గర మొదలైందా? బుడంకాయకి నేను చెప్పిన జవాబే నువ్వూ నాకు చెప్పు, నమ్ముతాను. కానీ ముందు, ఉందని చెప్పు.

ఇట్లు,
నీ తొలిచూలు కూతురు