ఫారం వచ్చేదాకా సున్నా

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు పింఛను లెక్కల ప్రోగ్రాములో 1140వ లైను మార్చుట గురించి. (ఐదవ అర్జీ)

అదే కదండీ నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది, తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది. నాలుగు అర్జీల్లోనూ ఇదే రాశాను. మొదటిదానికే "కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు" అని జవాబు వచ్చింది. లేదనే నేనూ అంటున్నాను. మన ఇద్దరి మాటా ఒకటే అయినా పని మాత్రం జరగనందున, ఈ దిగువ సంగతులు మరొకసారి తమ దృష్టికి తెచ్చుకొనుచున్నాను.

1. నేను ప్రోగ్రామరును. వయసు యాభై ఎనిమిది. ఇరవై ఐదేళ్ల కిందట తమ కార్యాలయం పింఛను లెక్కలను పెద్ద పుస్తకాల్లోంచి కంప్యూటర్‌లోకి మార్చినప్పుడు, ఆ పని తీసుకున్న చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి. జీతాల్లోంచి డబ్బు కోసే ప్రోగ్రామూ, రిటైరయ్యాక డబ్బు ఇచ్చే ప్రోగ్రామూ రెండూ నేనే రాశాను. కోసేదాన్ని పదకొండు మంది మూడు నెలలు పరీక్షించారు. చిల్లర తేడా వచ్చినా ఊరుకోలేదు. ఇచ్చేదాన్ని ఒకే ఒక్కాయన, ఒక మధ్యాహ్నం, భోజనం అయ్యాక పరీక్షించారు. మధ్యలో చిన్న కునుకు కూడా తీశారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ముప్పై మూడేళ్ల వయసులో పింఛను అంటే ఎవరికో వచ్చే జబ్బులాంటిది.

2. ఒక ఉద్యోగానికీ ఇంకో ఉద్యోగానికీ మధ్య ముప్పై రోజులు దాటి ఖాళీ వస్తే, కారణం ఒక ఫారంలో రాయించుకుని, అధికారి సంతకం చేశాక పాత సర్వీసు కలపవలెనని అప్పటి ఏర్పాటు. ఆ ఫారం ఇంకా అచ్చు కాలేదు. అప్పటి హెడ్ క్లర్కు గారిని, మంచి పెద్దమనిషి, వెళ్లి అడిగాను.

"సార్, ఫారం లేనివాళ్లకి పాత సర్వీసు ఎంత వెయ్యమంటారు?"

"వచ్చేదాకా సున్నా వెయ్యవయ్యా. వచ్చాక మార్చుకుందాం."

"ఎప్పుడొస్తుందండీ?"

"వచ్చే వారం."

1140వ లైనులో సున్నా వేశాను. పక్కనే "తాత్కాలికం. ఫారం వచ్చాక మార్చాలి. బక్కోడు" అని రాసి పెట్టాను. బక్కోడు అంటే నేనే, ఆఫీసులో అందరూ అలాగే పిలిచేవారు. మా వృత్తిలో ఇదో జాడ్యం. తర్వాత మార్చాలి అని పక్కన రాసుకుంటే సగం మార్చేసినట్టే అనుకుంటాం. ఫారం రాలేదు. హెడ్ క్లర్కు గారు రిటైరయ్యారు, ఆ తర్వాత పోయారు. ఆయన చెప్పిన వచ్చే వారం కోసం పాతికేళ్లుగా కంప్యూటర్ మాత్రం నమ్మకంగా ఎదురుచూస్తోంది.

3. ఇక నా సంగతి. నేను చేరిన పంతొమ్మిదేళ్లకి మా కంపెనీ పేరు మార్చుకుంది. అదే కుర్చీ, అదే బల్ల, అదే పిడి విరిగిన టీ కప్పు. కాగితం మీద మాత్రం పాత కంపెనీ మూయడానికీ కొత్తది తెరవడానికీ మధ్య ముప్పై మూడు రోజులు పట్టింది. ఆ ముప్పై మూడు రోజులూ జీతం లేకుండానే పని చేశాం. "మనమంతా ఒక కుటుంబం కదా" అన్నారు యజమాని. కుటుంబం అన్నాక ఇంకేం అడుగుతాం?

మూడు రోజులు ఎక్కువైనందున నా పంతొమ్మిదేళ్లు సున్నా అయినవి. కొత్త పేరు కింద ఏడేళ్ల రెండు నెలలు చేశాక, నా ఒక్కడి జీతానికి ఇద్దరు కుర్రాళ్లు వస్తారని లెక్క చూపించి పంపేశారు. లెక్క సరిగ్గానే ఉంది, నేనే సరిచూసి ఇచ్చాను. పింఛనుకు పదేళ్లు ఉండవలెను. నాకు ఏడే ఉన్నవి. నా జీతంలోంచి ఇన్నేళ్లూ కోసిన ప్రోగ్రాము మాత్రం ఒక్క నెల కూడా మరిచిపోలేదు. అది బాగా పరీక్షించినది కదా.

"మీ పాత సర్వీసు కంప్యూటర్ తీసుకోవట్లేదండీ" అంది మూడో కౌంటరు అమ్మాయి.

"తీసుకోవద్దని దానికి చెప్పింది నేనేనమ్మా."

"అయితే మీరే వెళ్లి దానికి నచ్చజెప్పుకోండి బాబాయ్ గారూ."

నవ్వుతూనే అంది, తప్పు పట్టను. నచ్చజెప్పుకుందామనే వచ్చాను. లోపలికి రానివ్వడం లేదు.

4. ప్రోగ్రాము రాసిన కోబాల్ భాష తెలిసినవారు ఇప్పుడు తమ దగ్గర ఎవరూ లేరని విని, ఆ ఒక్క లైను ఉచితంగా మార్చి ఇస్తానని రెండవ అర్జీ పెట్టుకున్నాను. బయటివాళ్లు ముట్టుకోకూడదన్నారు. సరే, లోపలివాణ్ణి అవుదామనుకుంటే తమ కార్యాలయమే ఉద్యోగ ప్రకటన వేసింది: కోబాల్‌లో ఇరవై ఏళ్ల అనుభవం ఉండవలెను, వయసు ముప్పై ఐదు మించరాదు. పదిహేనో ఏట కోబాల్ మొదలుపెట్టిన పిల్లాడు ఎవడైనా దొరికాడో లేదో తెలియదు. దొరికితే వాణ్ణి ఒకసారి చూడాలని ఉంది.

మూడవ అర్జీకి, ఆ లైను నేనే రాశానని రుజువు కోరినారు. బక్కోడు అన్న సంతకం చూడమన్నాను. "ఫొటోను బట్టి అర్జీదారుడు బక్కగా కనిపించనందున నిర్ధారించలేకపోయినాము" అని జవాబు. ఇందులో తమరిని అనడానికి ఏమీ లేదు.

5. అన్నింటికన్నా నన్ను కుదేలు చేసినది నాలుగవ అర్జీకి వచ్చిన జవాబు. "ప్రోగ్రాము నిబంధన 14(బి) ప్రకారమే నడుచుచున్నది" అన్నారు. నాకు తెలిసిన రూలు పుస్తకంలో 14 తర్వాత 15 ఉండేది, మధ్యలో (బి) లేదు. కొత్త ప్రతి తెప్పించుకుని చూశాను. ముప్పై రోజులు దాటి ఖాళీ వస్తే పాత సర్వీసు సున్నా అని రెండేళ్ల కిందట చేర్చారట. ఎందుకు చేర్చారని రికార్డుల గదిలో అడిగితే, కంప్యూటర్ ఎప్పట్నుంచో అలా చేస్తోంది కాబట్టి అది రూలే అయి ఉంటుందని, పుస్తకంలో లేకపోతే బాగుండదని ఎక్కించామన్నారు. నేను పక్కన రాసుకున్న మాటల్లో "తాత్కాలికం" తీసేశారు. "ఫారం" తీసేశారు. బక్కోణ్ణి కూడా తీసేశారు. సున్నా ఒక్కటీ ఉంచారు.

కావున ఇప్పుడు ఆ లైను మార్చితే రూలు తప్పినట్టు. రూలు మార్చవలెనంటే ప్రోగ్రాము ఒప్పుకోదు. పాతికేళ్లు ప్రోగ్రాములు రాసిన అనుభవంతో మనవి చేయుచున్నాను: ఇంత పకడ్బందీగా నేను కూడా రాయలేను.

6. ఇదంతా మా ఆవిడకి చెప్పాను. విని, "ఊళ్లోవాళ్లందరి లెక్కలూ మీరు సున్నా చేశారు. మనదీ చేశారు. పోనీలెండి, మనవాళ్లని పక్షపాతం చూపించలేదు" అంది. ఆమె మోకాళ్ల మాత్ర ఇప్పుడు రోజు విడిచి రోజు వేసుకుంటోంది. డాక్టరు అలా రాయలేదు. మేమే మార్చుకున్నాం, తాత్కాలికంగా.

నేను వీధి చివర జిరాక్స్ షాపులో కూర్చుని జనానికి దరఖాస్తులు నింపి పెడుతున్నాను. అందులో పింఛను దరఖాస్తులూ ఉంటాయి. "మధ్యలో ఎప్పుడైనా మానేశారా?" అని అడగాల్సి వచ్చిన ప్రతిసారీ, లేదని చెబితే బాగుండునని మనసులో అనుకుంటాను.

7. తమ కార్యాలయపు వరండాలో, కిటికీ పక్క బెంచీ మీద రెండేళ్లుగా ఒకావిడ వచ్చి కూర్చుంటోంది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పన్నెండేళ్లు కుట్టి, కాన్పుకు నలభై ఏడు రోజులు మానేసి, మళ్లీ చేరి తొమ్మిదేళ్లు కుట్టింది. ఆ నలభై ఏడు రోజుల్లో పుట్టిన అమ్మాయికి ఇప్పుడు ఇరవై మూడేళ్లు. ప్లాస్టిక్ సంచీలో జీతం చీటీలన్నీ ఏడాది వారీగా దారంతో కట్టి తెస్తుంది. తమ రికార్డుల గది కన్నా నయంగా ఉంటాయి. పన్నెండేళ్ల ఎదుట సున్నా పడిందంటే తన కాగితంలో ఏదో తప్పు ఉందని, అది దొరికితే సరిచేసుకుని పోతానని ఆవిడ నమ్మకం. ఆవిడ కాగితంలో ఏ తప్పూ లేదు. ఆ పక్కనే కూర్చుని ఈ మాట ఇంతవరకు చెప్పలేకపోతిని.

ఇలాంటివాళ్లు ఎంతమంది అని అడిగితే, ఆ లెక్క ప్రోగ్రాములో లేదన్నారు. లేదు. నేను పెట్టలేదు.

కావున తమరు దయతో ఆలోచించి, 14(బి)ని ఎత్తివేయించి 1140వ లైను మార్పించవలెనని కోరుచున్నాను. అది కుదరనిచో, కనీసం ఆ ఫారమైనా అచ్చు వేయించవలెను. అదీ కుదరనిచో, నా అర్జీ పక్కన పెట్టి కాలర్లు కుట్టే ఆవిడ తొమ్మిదేళ్లని పదిగా చూడవలెను. ఈ కాగితమూ ముందు వెళ్లిన నాలుగింటి పక్కకే వెళ్తుందని తెలుసు. వాటికి తోడు ఉంటుంది. చిత్తగించినా, చిత్తగించక ఫైల్లో కట్టినా,

ఇట్లు,
తమ విధేయుడు,
బక్కోడు (ఒకప్పుడు)

తా.క.: ఇది తమ వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నా టోకెన్ నూట పద్నాలుగు, ఆవిడది నూట పదమూడు. ఇప్పుడే సంచీ సర్దుకుంటూ నా వైపు తిరిగి, "అన్నయ్యా, మీరు చదువుకున్నోళ్లు కదా, ఇవాళ నాతో పాటు కౌంటరు దాకా వచ్చి, ఆ సున్నా ఎవరేశారో గట్టిగా అడిగి పెట్టండి. ఒక్కసారి వాడి మొహం చూస్తే చాలు నాకు" అంది. అలాగేనమ్మా అన్నాను. అయ్యా, లోపలికి వెళ్లేలోగా ఆవిడకి చెప్పేద్దామనే ఉంది. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను, అమ్మా ఆ సున్నా వేసిన మనిషి ఎక్కడో లేడు, రెండేళ్లుగా నీ పక్కనే అంటే ఆవిడ ఏమంటుందో, అసలు ఏమైనా అంటే బాగుండును, ఏమీ అనకుండా సంచీ తీసుకుని లేచి వెళ్లిపోతే మాత్రం నేను, అదిగో నూట పదమూడు పిలిచారు, "రండి అన్నయ్యా, రండి, మళ్లీ కిటికీ మూసేస్తారు" అంటోంది, వస్తున్నానమ్మా, ఒక్క మాట, నీకు ముందే చెప్పాల్సింది, ఆ సున్నా