గడ్డి కింద నాలుగు గుడ్లు

అన్నయ్యా,

ఎప్పుడూ క్షేమ సమాచారాలతో మొదలుపెట్టేదాన్ని. ఈసారి చెయ్యి రావడం లేదు.

నువ్వు తీసిన ఫొటో మా పక్షుల కేంద్రంలో అందరూ చూశారు. గూట్లో ఎర్రకాళ్ళ పిట్ట, దాని కింద నాలుగు గుడ్లు, ఒక్క గడ్డిపోచ కూడా అడ్డు లేదు. "అబ్బ, ఎంత స్పష్టంగా తీశాడో!" అంది టికెట్లిచ్చే ఆవిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిట్ట గడ్డికొసలు దగ్గరికి లాక్కుని, గొడుగులా కప్పుకుని కూర్చుంటుంది. వారం కిందట నేను చూసినప్పుడు ముక్కు తప్ప ఏమీ కనపడలేదు. ఆ గడ్డి కోసేసింది నువ్వే. కాకులకు విస్తరి వేసి పిలిచినట్టయింది. నిన్న వెళ్ళి చూస్తే పెంకులు మిగిలాయి.

సముద్రం దాటి వచ్చిన పిట్ట అన్నయ్యా! వసంతం మొదట్లో ఈ తీరాన బురదలో దిగిన రోజు దానికి రెక్కలు ముడుచుకునే ఓపిక కూడా లేదు. "గూడు దగ్గర తుమ్మనైనా తుమ్మకూడదే" అని నా చిన్నప్పుడు నేర్పిందెవరు? నా అన్నవు కదా అని చోటు చెప్పాను. దూరం నుంచే చూస్తానని ఒట్టేశావు.

వదిన ఫోన్ చేసి, "గుడ్లే కదమ్మా, మళ్ళీ పెట్టుకుంటుందిలే. ఇంతదానికి తోబుట్టువుల మధ్య గొడవెందుకు?" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

ఎల్లుండి మా అధికారికి నీ మీద ఫిర్యాదు ఇస్తున్నాను. వెన్నుపోటు పొడిచానని తర్వాత అనకు.

నీ చెల్లి

అన్నయ్యా,

ఉత్తరం అందగానే నువ్వే మా అధికారి దగ్గరికి వస్తావనుకోలేదు. ఫిర్యాదు కాగితం చేత్తో పట్టుకుని పక్కగదిలో ఉన్నాను. "గడ్డి కోసింది నేనే సార్" అన్నావు. నా కోపం సగం దిగిపోయింది.

"గూడు అక్కడుందని నీకెవరు చెప్పారు?" అని ఆయన అడిగారు.

"మా చెల్లి" అన్నావు.

ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేదని పళ్ళు నూరుకున్నాను. తీరా చేతిలో కాగితం చూసుకుంటే, ఆ ఒక్క మాటే నేను రాయలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. అది చింపేసి, ఆ మాట కూడా చేర్చి మళ్ళీ రాసిచ్చాను.

నిన్నిక గేటు దాటనివ్వరట. నన్ను ఈ ఏడాదంతా బురదనేల వైపు వెళ్ళొద్దన్నారు. టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నీ మీద కోపం పోలేదు. నా మీద కూడా అంతే ఉంది.

నిన్న మా కాపలాదారు రొప్పుతూ వచ్చాడు. "అక్కా, ఎర్రకాళ్ళది మళ్ళీ గూడు కట్టింది! ఎక్కడనుకున్నావు..."

"నాకు చెప్పకు" అన్నాను.

చెల్లి