టెంబుసు పత్రి

వినాయక చవితి రాత్రి, బుకిట్ పంజాంగ్

ఆఫీసులో వైటూకే పని తెమిలేసరికి సెరంగూన్ రోడ్డులో మనవాళ్ల కొట్లలో పత్రి అయిపోయింది. మా బ్లాకు వెనకాల కొత్తగా నాటిన మొక్క కనిపిస్తే ఆకులన్నీ కోసుకొచ్చాను. పూజలో ఆ ఒక్క రకం ఆకునే మాచీపత్రం, బృహతీపత్రం అంటూ ఇరవయ్యొక్క పేర్లతో వేస్తుంటే మా అమ్మాయి శ్రావ్య నా చెయ్యి పట్టుకుంది.

“నాన్నా, దిస్ ఈజ్ టెంబుసు లా!” అంది ఇక్కడి పిల్లల యాసలో. “ఈ ఐలండ్ చెట్టే. మా క్లాస్ నాటింది.”

“దేవుడికే కదమ్మా.”

“ఇన్ని నేమ్స్ చదివావు. దాని నేమ్ ఎందుకు చెప్పలేదు?”

దేవుడి ముందే కూర్చుని అన్ని అబద్ధాలు ఎలా చదివానో...

శ్రావ్య ఉండ్రాళ్లు ముట్టకుండా చెంబుతో నీళ్లు తీసుకుని కిందికి వెళ్లింది. ఆకు లేని ఆ పుల్లకి పోస్తుంటే కిటికీలోంచి చూశాను. తన పక్కకు వెళ్లి నిలబడడానికి ముఖం చెల్లలేదు.