ప్యాకింగు బయటికిచ్చిన నెల

12 మార్చి 2008, బుధవారం

ఈ రోజు మన చీర గౌహతికి పోయింది! గౌహతి ఎక్కడుందో నాకు తెలియదు. నా కూతురు శ్రుతి మ్యాపులో చూపించింది. అబ్బో, అంత దూరం! తను ఇంటర్నెట్‌లో చీరల అంగడి పెట్టి ఇంకా ఏడాది తిరగలేదు. ఆనేకల్ పోయి నేతగాళ్ల దగ్గర చీరలు ఎంచి తెచ్చేది, ఫోటోలు తీసి కంప్యూటర్లో పెట్టేది ఆమె. మడిచి, కవర్లో పెట్టి, టేపు వేసేది నేను. రిటైరయ్యాక ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. కొరియరతను నన్ను మేనేజర్ సార్ అంటాడు. యలహంకలో ఇంకెవరికుంది ఈ భాగ్యం?

15 మార్చి, శనివారం

ప్యాకింగు ఔట్‌సోర్స్ చేద్దామా నాయనా అని శ్రుతి అడిగింది. కె.ఆర్.పురంలో మార్త అని ఒకామె ఉందట. చిన్న చిన్న ఆన్‌లైన్ అంగళ్ల సరుకు తన షెడ్డులో పెట్టుకుని, ప్యాక్ చేసి, పంపేస్తుందట. ఇంట్లో నేనుండగా బయటివాళ్లెందుకమ్మా అన్నాను. సరేలేప్పా, నువ్వుండావు కదా అంది. నా పక్కనే కూర్చుని సాయంత్రం దాకా టేపు వేసింది. ఆనేకల్ ప్రయాణం మళ్లీ వాయిదా.

19 మార్చి, బుధవారం

ఢిల్లీ నుంచి ఒక తెల్ల చీర తిరిగొచ్చింది. మరక ఉందట. పూనా నుంచి ఇంకొకటి, అదే ఫిర్యాదు. రెండూ ఆనేకల్‌లో తెల్ల చీరలు నేసే లింగన్నవే. శ్రుతికి కోపమొచ్చి ఆనేకల్‌కు ఫోన్ చేసింది. మరకల చీరలైతే ఇంక తీసుకోలేనని చెప్పేసింది. లింగన్న ఏడ్చినంత పని చేశాడు. మా మగ్గం మీద ఈగ వాలినా తోలేస్తాము తల్లీ, వచ్చి నీ కండ్లతో చూసి మాట్లాడు అన్నాడట. పోయి చూడటానికి ఆమెకు తీరికేది?

20 మార్చి

ఆ మరక నాదే.

22 మార్చి, శనివారం

నిన్నంతా రాయడానికి చెయ్యి రాలేదు. మా ఇండ్లలో కొత్త బట్టకు మూలన పసుపు పెట్టకుండా ఎవరి చేతికీ ఇవ్వం. మరి నా కూతురి అంగడి చీర ఉత్త చీరగా ఎట్లా పోతుంది? ప్రతి చీరకూ లోపలి మూలన తడి పసుపు అద్ది, చల్లగా ఉండు తల్లీ అనుకుంటూ పంపాను. ఇది చెప్పాల్సిన సంగతి అని కూడా తోచలేదు. మనవాళ్లకు అది శుభం. ఢిల్లీవాళ్లకు మరక!

చెప్పేశాను. శ్రుతి కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. వెంటనే లింగన్నకు ఫోన్ చేసి తప్పయిపోయిందన్నా, నీ చీరలు పంపు అంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ప్యాకింగు ఊసే ఎత్తలేదు.

ఎత్తింది నా పెండ్లాం సొన్నమ్మ. ఆ పిల్ల నీ మొగం చూసి నోరు మూసుకోనుండాది, తెలీదా నీకు అని వంటింట్లో నన్ను పట్టుకుంది. మీ తమ్ముడి పెండ్లికి వంట కాంట్రాక్టుకిచ్చినాము, తాళి కట్టేదానికి గూడా మనిషిని మాట్లాడినామా అని అడిగింది. ఆమె నోరు, ఏం చెప్పేది! కానీ నిజమే. చీరలు ఎంచేది శ్రుతి తప్ప ఇంకెవరు చేస్తారు? ఆ పని ఆపి టేపు వేస్తోంది, నా కోసం. మగ్గం చూడకనే కదా లింగన్న పొట్ట కొట్టబోయింది!

మార్తకిచ్చెయ్యమ్మా అన్నాను. నీకు బాధ లేదా నాయనా అంది. ఉంది, ఇచ్చెయ్ అన్నాను.

12 ఏప్రిల్, శనివారం

మార్త షెడ్డు చూసొచ్చాను. ఎంత శుభ్రం! తప్పు వెతికాను, దొరకలేదు. కొంచెం కోపమొచ్చింది. అంకుల్, టీ తాగండి అంది. తాగాను. టీ కూడా బాగుంది.

18 ఏప్రిల్, శుక్రవారం, మధ్యాహ్నం

శ్రుతి ఆనేకల్ నుంచి ఫోన్ చేసింది. విను నాయనా అని ఫోన్ మగ్గం పక్కన పెట్టేసింది. ఆ టకటక చాలాసేపు విన్నాను. చీర బాగుందమ్మా అన్నాను. ఇంకా సగం గూడా కాలేదప్పా అని నవ్వింది.