వేణి పేరుతో వచ్చిన మెసేజ్

సోంపేటలో ఉన్న అప్పకు తమ్ముడు సూర్యం నమస్కరించి రాస్తున్నది.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ బీపీ మాత్రలు మానలేదు కదా? నేను బాగానే ఉన్నాను.

ఆ రోజు ఏం జరిగిందని నువ్వు రెండుసార్లు అడిగావు. ఫోనులో చెప్పలేకపోయాను. ఆ పొద్దున్న ఆసుపత్రిలో వేణికి జ్వరం తగ్గింది. అర గ్లాసు టీ తాగింది. నన్ను చూసి, "మూడు రోజులై అదే చొక్కా. కంపు కొడతన్నావు, ఇంటికెళ్ళి మార్చుకో" అంది. కాసిడీహ్‌లో ఇంటికి వచ్చి స్నానం చేశాను. తిరిగి వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. అంతే.

ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్తున్నాను. కొలతలు చూసే పని కదా, చెయ్యి దానంతట అదే చేసుకుపోతోంది. చలి మొదలైంది. కింది వాటాలో ఇంటావిడ రోజూ "భైయా, ఖానా ఖాయా?" అని అడుగుతుంది. తిన్నానంటాను. బియ్యం ఇప్పటికీ ఇద్దరికి పోస్తున్నాను.

నిన్న వేణి పెద్దమ్మ ఫోన్ చేసింది. వేణిని పెంచి నాకిచ్చి పెళ్ళి చేసిన మనిషి, గుండె ఆపరేషన్ అయిన మనిషి, ఆమెకి ఈ కబురు చెప్పవద్దని మీ అందరినీ ఆపింది నేనే. వేణి ఆసుపత్రిలోనే ఉంది, గొంతు పోయింది, ఫోన్‌లో మాట్లాడలేకపోతోంది అని నలభై రోజులుగా అబద్ధం చెబుతున్నాం.

"బాబూ, నీకంటే ఆ ఫేసుబుక్కే నయం! పిల్ల కబురు అదే చెప్పింది" అంది నవ్వుతూ.

"ఏ కబురు పెద్దమ్మా?"

"పిల్లే రాసింది నాకు. గొంతు లేకపోతే ఏటి, చేతులున్నాయి కదా. మందులకి వెంటనే డబ్బులు కావాలంది, ఫోన్ చెయ్యొద్దంది. నా కాడున్నది కిరాణా కొట్టు వాడి చేత పంపించీసినాను. నీకు చెప్పొద్దంది, నువ్వు దాన్ని తిట్టకు."

ఆమె ఆగలేదు.

"ఇంకోటి చెప్తాను విను. ఎప్పుడూ పెద్దమ్మా అనేది కదా. ఇన్నాళ్ళకి నన్ను అమ్మా అంది, బాబూ."

సరే పెద్దమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ ఖాతా వెతికి చూశాను. తెరిచి వారం కూడా కాలేదు. వేణి పాత పేజీ నుంచి తీసిన ఫోటో ఒక్కటే ఉంది, మన ఇంటి మెట్ల దగ్గర నేను తీసింది. పక్కన, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు, పచ్చ చుక్క వెలుగుతోంది. కాసేపు చూస్తూ కూర్చున్నాను. తరువాత రిపోర్ట్ చేశాను, సైబర్ పోలీసులకు ఫిర్యాదు కూడా ఇచ్చాను.

మన కుటుంబం గ్రూపులో అందరినీ హెచ్చరించేది నేనే. కొత్త ఖాతా, తొందర, ఎవరికీ చెప్పవద్దనడం, ఫోన్ చేయవద్దనడం, వీటిలో ఏది కనిపించినా ఆగమని ఎన్నిసార్లు రాశానో. పెద్దమ్మకు వచ్చిన మెసేజ్‌లో అవన్నీ ఉన్నాయి. కానీ వేణి ఫోన్‌లో మాట్లాడలేకపోతోందని ఆమెను నమ్మించింది మనం. ఆ మోసగాడికి వేణి పోయిందని కూడా తెలిసి ఉండదు. సగం పని మనమే చేసి పెట్టాం.

ఆ మెసేజ్ అబద్ధమని చెప్పాలంటే వేణి లేదని చెప్పాలి. చెప్పకపోతే వాడు మళ్ళీ అడుగుతాడు. ఆమె మళ్ళీ పంపుతుంది, సంతోషంగా.

ఈ ఉత్తరం ఫోటో తీసి నీ ఫోన్‌కి పంపుతున్నాను. చదవగానే బావను పెద్దమ్మ బ్యాంకుకీ ఆ కిరాణా కొట్టుకీ పంపి ఇక డబ్బు వెళ్ళకుండా ఆపించు, ఆలస్యం చేయవద్దు. ఆమె గుండె డాక్టరు ఎల్లుండి ఊళ్ళో ఉంటాడో లేదో కనుక్కో. నువ్వు మాత్రం ఆమెతో ఏమీ అనకు. బావకు, అత్తయ్యకు నా నమస్కారాలు. నన్ను దీవించు అప్పా, ఈ ఒక్క పనికి ధైర్యం కావాలి.

రేపు పొద్దున్న బండికి బయలుదేరతాను. పెద్దమ్మకి నేనే చెబుతాను.

నీ తమ్ముడు
సూర్యం